మూకీ కామెడీల్లో నవ్వు ఎవరిది? పొట్టి సినిమాలను చూసి, రాసి, ప్రదర్శించే పద్ధతి

1903లో ఎడిసన్ కంపెనీ 'వాట్ హ్యాపెన్డ్ ఇన్ ద టనల్' అనే సినిమా తీసింది. నిడివి నిమిషం అటూఇటూ. రైలు పెట్టెలో ఒక తెల్ల యువతి, పక్కన ఆమె దగ్గర పనిచేసే నల్లజాతి అమ్మాయి, వెనక సీట్లో ఒక పోకిరి. రైలు సొరంగంలోకి వెళ్తుంది, తెర నల్లబడుతుంది. ఆ చీకట్లో ముద్దు కొట్టేద్దామని వాడి ప్లాను. వెలుతురు వచ్చేసరికి ఆడవాళ్లిద్దరూ సీట్లు మారిపోయి ఉంటారు, వాడు ముద్దు పెడుతున్నది పనమ్మాయిని. వాడు తెల్లమొహం వేస్తాడు, వాళ్లిద్దరూ పడీపడీ నవ్వుతారు.

దీని గురించి నాలుగు వాక్యాలు రాయమంటే ఒకరు "ఆడవాళ్లిద్దరూ కలిసి పోకిరీకి బుద్ధి చెప్పారు" అని రాస్తారు. ఇంకొకరు "నల్లజాతి అమ్మాయిని ముద్దు పెట్టుకోవడమే వాడికి పరువు తక్కువ అయిందంటే, అసలు ఎగతాళి ఎవరి మీద?" అని అడుగుతారు. ఇద్దరు చెప్పిందీ తెర మీద ఉన్నదే. నిమిషం సినిమాలోనే ఇంత చిక్కు ఉంటే, రెండు రీళ్ల కామెడీల్లో ఎంత ఉంటుందో చూసుకోండి.

ఈ మార్గదర్శి ఫిల్మ్ సొసైటీలు నడిపేవాళ్లకి, మీడియా కోర్సుల విద్యార్థులకి, సినిమాల మీద వ్యాసాలో వీడియోలో చేసేవాళ్లకి. 1890ల నుంచి 1929 దాకా వచ్చిన పొట్టి కామెడీల్లో, ముఖ్యంగా అమెరికన్ కామెడీల్లో, ఏ జాతివాళ్లు, ఏ మతంవాళ్లు, ఎలాంటి శరీరాలవాళ్లు కనిపించారు, ఎలా కనిపించారు అన్నది ఎలా పరిశీలించాలో చెబుతుంది. పద్ధతంతా మూడు ప్రశ్నల మీద నడుస్తుంది: జోకు ఎవరు మొదలుపెట్టారు, అది ఎవరి మీద పడింది, చివరికి నవ్వుతున్నది ఎవరు. "ఈ సినిమా మంచిదా చెడ్డదా" అని ముందే తేల్చేస్తే ఈ మూడూ కనపడవు.

1. ప్రశ్నను చిన్నది చేసుకోండి

"మూకీ కామెడీల్లో వైవిధ్యం" అని మొదలుపెడితే ఒడ్డు కనపడదు. ప్రశ్న ఇలా ఉండాలి: 1910ల్లో నల్లజాతి నటులు నౌకర్ల వేషాలు కాక ఇంకేం వేశారు? 1913లో కనిపించిన యూదు పాత్రకీ 1928 నాటి యూదు పాత్రకీ తేడా ఏమిటి? మగవాడు గౌను తొడిగినప్పుడు జోకు ఎక్కడ ఉంది?

అయిదారు సినిమాలు చాలు. అప్పట్లో ఒక రీలు అంటే వెయ్యి అడుగుల ఫిల్ము. ఆడించే వేగాన్ని బట్టి పదకొండు నుంచి పదిహేడు నిమిషాలు వస్తుంది. ఒక సాయంత్రంలో అయిదారూ చూసేయొచ్చు.

జాబితాను జతలుగా వేసుకుంటే పని తేలిక. 1896లో ఎడిసన్ తీసిన ముద్దు సీను అప్పట్లో పెద్ద సంచలనం. దాని పక్కన 1898లో చికాగోలో విలియం సెలిగ్ తీసిన 'సమ్‌థింగ్ గుడ్' పెట్టండి. సెయింట్ సటిల్, గెర్టీ బ్రౌన్ అనే నల్లజాతి నటులిద్దరూ ముద్దు పెట్టుకుంటారు, విడిపోతారు, చేతులు ఊపుకుంటూ నవ్వుతారు, మళ్లీ దగ్గరవుతారు. అరనిమిషం కూడా లేదు. మొహాలకు మసి లేదు, వెకిలి చేష్టలు లేవు. ఆ నటులెవరో పరిశోధకులు గుర్తించింది 2017లో. మరుసటి ఏడాదే అది భద్రపరచాల్సిన సినిమాల అమెరికా జాతీయ జాబితాలోకి ఎక్కింది. 1898లోనే ఇలా తీయగలిగారంటే, తర్వాత పాతికేళ్ల పాటు నల్లవాళ్లు పుచ్చకాయ కోసం పడిచస్తారన్న మూస జోకులు తీసినవాళ్లకు "వేరే దారి తెలియదు" అనే సాకు లేదు.

2. మీ చేతికొచ్చిన ప్రింటు ఏమిటో తేల్చుకోండి

1929 దాకా అమెరికాలో విడుదలైన సినిమాలకు అక్కడ కాపీరైటు తీరిపోయింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా దొరుకుతాయి. అయితే వాటికి ఈమధ్య జోడించిన సంగీతానికి వేరే హక్కుదారులు ఉండొచ్చు. మీ వీడియోలో వాడే ముందు అది చూసుకోండి.

తర్వాత వేగం. అప్పటి కెమెరాలు చాలావరకు చేత్తో తిప్పేవి, సెకనుకు 16 ఫ్రేములు, 18, 20, ఇలా ఒక్కో సినిమాకి ఒక్కో లెక్క. అలాంటిదాన్ని 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే అందరూ తోలుబొమ్మల్లా గెంతుతారు. సూక్ష్మంగా నటించినవాళ్లకే దీనివల్ల ఎక్కువ నష్టం, ఎందుకంటే కనురెప్ప కదలిక అసలు కంటికి ఆనదు. వీఎల్‌సీ ప్లేయర్లో ఎడమ స్క్వేర్ బ్రాకెట్ మీట నొక్కితే వేగం తగ్గుతుంది, ఇంగ్లిష్ 'ఇ' నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు వెళ్తుంది. ఈ రెండు మీటలు ఈ పనిలో మీకు బాగా అలవాటైపోతాయి.

మూడోది టైటిల్ కార్డులు. నల్లజాతివాళ్ల మాటలను, యూదుల మాటలను, చైనావాళ్ల మాటలను కావాలని వంకర స్పెల్లింగులతో రాసిన కార్డులు బోలెడు. తెర మీద మామూలుగా నడుచుకున్న మనిషిని కార్డు ఒక్క వాక్యంతో వెర్రివాడిని చేసేస్తుంది. అందుకే నటుడు చేసింది వేరుగా, కార్డు రాసినవాడు చేసింది వేరుగా నోట్ చేసుకోండి. మళ్లీ విడుదల చేసినప్పుడు కార్డులు మార్చడం మామూలే కాబట్టి, సినిమా మధ్యలో అక్షరాల తీరో అంచు డిజైనో మారితే ఆ కార్డు అసలుదని నమ్మి దానిమీద వాదన కట్టొద్దు.

3. మూడుసార్లు చూడండి, మొదటిసారి మ్యూట్‌లో

ఆన్‌లైన్‌లో దొరికే మూకీలకు ఎవరో ఒకరు టకటకలాడే పియానో తగిలిస్తారు. అది "ఇక్కడ నవ్వు" అని మీ డొక్కలో పొడుస్తూనే ఉంటుంది. మొదటిసారి దాన్ని కట్టేయండి. మీకు ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ ఇబ్బందిగా అనిపించిందో సమయంతో సహా రాసుకోండి, కారణాలు తర్వాత.

రెండోసారి కాగితం మీద ఆరు గడులు గీయండి: తెర మీద ఎవరున్నారు, జోకు మొదలుపెట్టింది ఎవరు, దెబ్బ తిన్నది ఎవరు, క్లోజప్ ఎవరికి దక్కింది, పాత్రకి పేరుందా, సీను ముగిసేసరికి ఎవరు నవ్వుతున్నారు. ఒక్కో సీనుకి ఒక్కో వరస.

1907 నాటి ఎడిసన్ సినిమా 'లాఫింగ్ గ్యాస్'తో ఇది చేసి చూడండి. దర్శకుడు ఎడ్విన్ ఎస్. పోర్టర్, ప్రధాన పాత్ర బెర్తా రెగస్టస్ అనే నల్లజాతి నటిది. ఆమె పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తుంది, మత్తుకోసం గ్యాస్ ఇస్తారు, పన్ను ఊడుతుంది, నవ్వు మాత్రం ఆగదు. ముందు డాక్టరుకు అంటుకుంటుంది. ట్రామ్ బండిలో పక్కవాళ్ల మీద ఒరిగిపోతే వాళ్లూ మొదలుపెడతారు. పోలీసులు పట్టుకుపోతే కోర్టులో జడ్జీగారే పొట్ట పట్టుకుంటాడు. పనిచేసే ఇంట్లో భోజనాల బల్ల దగ్గర వడ్డిస్తూ ఒలకబోస్తుంది, అక్కడా అదే వరస. చివరి షాట్లో ఆమె మొహం తెర నిండా ఉంటుంది.

గడులు నింపాక చూస్తే, "మొదలుపెట్టింది ఎవరు" అన్న గడిలో ప్రతి వరసలోనూ ఆమే. డాక్టరు, పోలీసు, జడ్జి, యజమాని, పెత్తనం చేసే ప్రతి మనిషీ ఆమె ముందు అదుపు తప్పుతాడు. క్లోజప్ ఆమెదే. ఇది 1907లో మామూలు విషయం కాదు. కానీ పేరు గడి దగ్గర ఆగండి. పాత్ర పేరు మ్యాండీ, అప్పటి వేదికల మీద నల్లజాతి పనిమనిషి పాత్రకు అలవాటుగా తగిలించే పేరు. "నల్లవాళ్లకు నవ్వు ఆగదు" అన్నది కూడా అప్పటికే అరిగిపోయిన మూస. అంటే పాత మూసలోనే పోసినా నటి దాన్ని నింపి పొంగించింది. మీ వ్యాసానికి కావలసింది ఈ రెండు గడుల మధ్య ఉన్న రాపిడే.

మూడోసారి, ఒక్క సీను ఎంచుకుని ఫ్రేము ఫ్రేముగా చూడండి. సినిమా మొత్తం అలా చూస్తే కళ్లు పోతాయి.

4. మేకప్ కింద ఎవరున్నారో చూడండి

తెర మీద చైనా మనిషి కనిపించినంత మాత్రాన చైనా నటుడికి పని దొరికిందని కాదు. 1894లో ఎడిసన్ స్టూడియోలో చైనా లాండ్రీవాడిని ఐరిష్ పోలీసు తరిమే సీను తీశారు. ఆడింది రొబెటా, డొరెటో అనే వేదికల మీది హాస్యజంట. చైనా కూలీలు దేశంలోకి రాకుండా అమెరికా చట్టం చేసి అప్పటికి పన్నెండేళ్లు. దేశంలోకి రానివ్వని మనిషి వేషం తెర మీద మాత్రం టిక్కెట్టుకు పనికొచ్చింది. ఐరిష్ పోలీసు మొద్దుతనం మీదా జోకు ఉంది, కాకపోతే లాఠీ వాడి చేతిలో ఉంది.

బ్లాక్‌ఫేస్ దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. బిరడా కాల్చి ఆ మసి మొహానికి పూసుకుని, పెదాలు పెద్దవిగా కనపడేలా దిద్దుకుని ఆడే ఈ అలవాటు, తెల్లవాళ్లు నల్లవాళ్లలా వేషం కట్టి ఆడిపాడే అమెరికన్ మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నుంచి వచ్చింది. మూకీల పెద్ద హాస్యనటుడు బస్టర్ కీటన్ 1921 సినిమా 'ద ప్లేహౌస్'లో ఒకే ఫ్రేములో తొమ్మిది మంది మిన్‌స్ట్రెల్ గాయకులుగా కనిపిస్తాడు. కెమెరామన్ ఎల్జిన్ లెస్లీ లెన్సును ముక్కలు ముక్కలుగా మూస్తూ, ఫిల్మును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి తీశాడు. సాంకేతికంగా ఇప్పటికీ నోరెళ్లబెట్టాల్సిందే. ఆ ట్రిక్కును పేజీలకు పేజీలు పొగిడి, ఆ మొహాలకు మసి ఉందన్న సంగతి ఎత్తని వ్యాసాలు కొల్లలు. మీరు రెండూ ఒకే పేరాలో రాయండి. ఒకదాన్ని చివర్లో బ్రాకెట్లో పడేస్తే పాఠకుడికి తెలిసిపోతుంది.

బర్ట్ విలియమ్స్ దగ్గర లెక్క మారుతుంది. బహామాస్‌లో పుట్టిన నల్లజాతి నటుడు, 1910 నుంచి న్యూయార్క్ రంగస్థల ప్రదర్శన జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో తెల్లవాళ్ల పక్కన నిలబడ్డ స్టార్. ఒళ్లు మరీ నల్లన కాదు, అయినా స్టేజి ఎక్కితే మసి పూసుకోవాల్సిందే, జనం అలా చూడ్డానికే అలవాటు పడ్డారు. 1916లో బయోగ్రాఫ్ తీసిన 'ఎ నేచురల్ బోర్న్ గ్యాంబ్లర్' చివర్లో జైలు గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. చేతిలో పేక లేదు, ఎదురుగా మనుషులు లేరు. గాలిలోనే కలుపుతాడు, పంచుతాడు, తన ముక్కలు ఎత్తి ఓరగా చూసుకుంటాడు. కళ్లు మెరుస్తాయి. పందెం పెంచుతాడు. అవతలివాడు ముక్కలు దించాడని మనకు తెలిసేది విలియమ్స్ మొహం కిందికి జారడంలోనే. ఇక్కడ వేగం సరిచేసుకుని చూడండి, మసి పొర కింద ఒక్కో కండరం ఎలా పనిచేస్తోందో తెలుస్తుంది. నల్లవాడంటే జూదరి అన్న మూస కథలో ఉంది. నటనలో ఉన్నది పేకాటలో ఓడిన ఏ మనిషైనా గుర్తుపట్టే దిగులు.

యూదు పాత్రలకు ఇదే పరీక్ష పెట్టండి. 1913లో కామెడీల స్టూడియో కీస్టోన్ తీసిన 'కోహెన్ సేవ్స్ ద ఫ్లాగ్'లో యూదు సైనికుడి వేషం కట్టింది ఫోర్డ్ స్టెర్లింగ్. 1928లో హాల్ రోచ్ స్టూడియో 'పాస్ ద గ్రేవీ'లో తండ్రి పాత్ర మ్యాక్స్ డేవిడ్‌సన్, బెర్లిన్లో పుట్టిన యూదు నటుడు. పక్కింటాయన ప్రాణంలా పెంచుకునే బహుమతి కోడిపుంజును డేవిడ్‌సన్ కొడుకు పట్టుకొచ్చేస్తాడు, కోడి కొనుక్కురమ్మని ఇచ్చిన డబ్బు జేబులో వేసుకుని. పుంజు కూరైపోతుంది. పక్కింటాయనే భోజనానికి అతిథి. పళ్లెంలో కాలికి 'ఫస్ట్ ప్రైజ్' చీటీ ఇంకా వేలాడుతోంది. పిల్లలు నోరు విప్పకుండా సైగలతో, కోడిలా రెక్కలు కొట్టి, గెంతి తండ్రికి చెప్పబోతారు. ఆయనకు ఎక్కదు, మూకాభినయాన్ని మెచ్చుకుంటూ తింటుంటాడు. భుజాలెగరేయడం, బుగ్గ మీద చెయ్యి వేసుకోవడం వేదికల మీది 'యూదు వేషం' నుంచి వచ్చినవే. అయినా జోకు పడేది ఆయన మతం మీద కాదు, విషయం అర్థం కాని తండ్రి మీద. ఈ కోడి మన గోదావరి జిల్లాల్లో వండినా కథ ఇలాగే నడుస్తుంది.

మగవాళ్లు ఆడవేషం వేసినప్పుడు తెలుగువాళ్లకు ఒక అదనపు కన్ను ఉంది, వాడుకోండి. స్థానం నరసింహారావు సత్యభామగా వచ్చినా, వేదాంతం సత్యనారాయణ శర్మ జడ వేసినా, లోపల మగవాడున్నాడని ప్రేక్షకుడు మర్చిపోవాలన్నదే ఆ కళ లక్ష్యం. 1917లో 'కోనీ ఐలండ్'లో లావుపాటి హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ ఆడవాళ్ల ఈతదుస్తుల్లో వచ్చినప్పుడు మనం ఒక్క క్షణం కూడా మర్చిపోకూడదు, మర్చిపోతే జోకే లేదు. అంటే అక్కడ నవ్వు ఆడవాళ్ల మీదా, లావుపాటి ఒంటి మీదా, పోల్చుకోలేని వెర్రిబాగుల మగాళ్ల మీదా? సీను సీనుకీ మారుతుంది, గడుల్లో రాయండి. చాప్లిన్ 'బిహైండ్ ద స్క్రీన్' (1916) ఇంకో మెలిక: ఎడ్నా పర్వియన్స్ మగవేషంలో స్టూడియోలో పనికి కుదురుతుంది. ఆమె అమ్మాయని కనిపెట్టిన చార్లీ ముద్దు పెడితే, సంగతి తెలియని భారీకాయుడు ఎరిక్ క్యాంప్‌బెల్ ఇద్దరు మగాళ్లనుకుని వయ్యారంగా తిప్పుకుంటూ వెక్కిరిస్తాడు. ప్రేమించుకునే మగాళ్ల మీద ఎగతాళి అక్కడ స్పష్టంగా ఉంది, వెక్కిరించినవాడే వెర్రివాడయ్యాడన్నదీ అంతే స్పష్టం.

ఇంకో రకం మేకప్ కనపడకుండా ఉండేందుకు వేసుకున్నది. 1919లో ఉత్తుత్తి బాంబు అనుకున్నది పేలి హెరాల్డ్ లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. తర్వాత సినిమాల్లో ఆయన తొడిగింది కృత్రిమ వేళ్లున్న తొడుగు. కుంటివాళ్ల మీద, గుడ్డివాళ్ల మీద జోకులు పుష్కలంగా నడిచిన రోజుల్లో పెద్ద స్టార్ తన చెయ్యి దాచుకున్నాడు. వైకల్యం గురించి రాసేవాళ్లు తెర మీది పాత్రలతో పాటు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

5. కెమెరా వెనక జీతాలు, పేర్లు

కథ ఎవరి పక్షం, పాత్రలు ఎవరికిచ్చారు అన్నవి వేరు వేరు ప్రశ్నలు. కీటన్ 'ద పేల్‌ఫేస్' (1922)లో చమురు దొంగలు ఆదివాసీ తెగ భూమిని కాజేస్తారు, సానుభూతి అంతా తెగ వైపే. తెగ నాయకుడి వేషం మాత్రం కీటన్ సినిమాల్లో ఎప్పుడూ ఉండే తెల్ల నటుడు జో రాబర్ట్స్‌ది. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1914లో, కీస్టోన్‌లో షయెన్ అనే ఆదివాసీ తెగకు చెందిన మినీ డెవరో ఆర్బకిల్‌తో సమానంగా సినిమా పేరులోనే చోటు సంపాదించింది. జోకు ఆమె ఆకారం మీద, పెళ్లికోసం వెంటపడటం మీద. ఒకచోట గౌరవం కథలో ఉంది, పని దొరకలేదు. ఇంకోచోట పని దొరికింది, కథలో గౌరవం లేదు. ఏది మేలు అని నన్నడిగితే, జీతం అందిన నటి గురించే ముందు రాస్తాను.

దర్శకులను చూడండి. ఫ్రాన్స్‌లో ఆలిస్ గై 1906లోనే మగవాళ్లు కుట్టుపని చేస్తూ, ఆడవాళ్లు తాగుతూ పొగతాగుతూ కూర్చునే తలకిందుల లోకాన్ని తీసింది. అమెరికా వచ్చి సోలాక్స్ కంపెనీ పెట్టి 1912లో 'ఎ ఫూల్ అండ్ హిజ్ మనీ' తీసింది. ఇప్పటికి మిగిలిన సినిమాల్లో పూర్తిగా నల్లజాతి తారాగణంతో ఉన్న తొలి కథాచిత్రంగా దీన్నే చెబుతారు. నల్లవాళ్లతో కలిసి నటించమని తెల్ల నటులు మొరాయిస్తే, అందరినీ నల్లజాతివాళ్లనే పెట్టి తీసిందంటారు. కథలో ఉన్నట్టుండి డబ్బు దొరికి, మోసపోయి మళ్లీ మొదటికొచ్చే వాడి వెటకారం ఉంది, అంటే దారి తెరిచిన సినిమా కూడా మూసను వదల్లేదు. మేబుల్ నార్మండ్ 1914లో కీస్టోన్‌లో తన సినిమాలు తనే డైరెక్ట్ చేసింది. ఆమెను "చాప్లిన్ పక్కన నటించిన అమ్మాయి" అని రాసే అలవాటు ఇక మానుకుందాం.

హాల్ రోచ్ 1922లో మొదలుపెట్టిన 'అవర్ గ్యాంగ్' పిల్లల కామెడీలకు ఒక పూట కేటాయించండి. నల్లజాతి పిల్లలూ తెల్ల పిల్లలూ ఒకే గుంపులో, ఒకే అల్లరిలో. బడులు వేరు, రైలు పెట్టెలు వేరు అయిన దేశంలో ఇది కంటికి కొత్త. 'సన్‌షైన్ సామీ' అనే ఎర్నీ మారిసన్ అప్పటికే రోచ్ దగ్గర కాంట్రాక్టు మీద ఉన్న కుర్రాడు. మరి అదే సినిమాల్లో దెయ్యాన్ని చూసి కళ్లు తేలేసేది, పుచ్చకాయ మీద పడేది ఎవరో గడుల్లో నింపండి. ఫరీనాగా వచ్చిన ఆలెన్ హాస్కిన్స్ మగపిల్లాడు, జడలేసి, అమ్మాయో అబ్బాయో తెలియని బట్టలేసి తిప్పారు. గుంపులో అందరూ సమానమే అన్న మాట కొన్ని సీన్లలో నిలుస్తుంది, కొన్నిట్లో కూలిపోతుంది. సినిమా పేరుతో, సీనుతో రాయండి, సిరీస్ మొత్తానికీ ఒకే తీర్పు ఇవ్వొద్దు.

టైటిల్స్‌లో పేరు కూడా సాక్ష్యమే. ల్యారీ సెమన్ కామెడీల్లో చాలా ప్రమాదకరమైన స్టంట్లు చేసిన నల్లజాతి నటుడు స్పెన్సర్ బెల్‌కు 1925లో ఒక సినిమాలో వేసిన పేరు 'జి. హౌ బ్లాక్'. గట్టిగా చదివితే "అబ్బో, ఎంత నలుపో" అన్న వెక్కిరింత. ఒళ్లు హూనం చేసుకున్నవాడికి సొంత పేరు కూడా దక్కలేదు. మీ వ్యాసంలో అసలు పేర్లు వెతికి రాయండి.

6. హాల్లో కూర్చున్నదెవరు?

"ఆ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదు" అన్న మాట రాయబోతుంటే కలం ఆపండి. చికాగోలో ఎబొనీ ఫిల్మ్ కార్పొరేషన్ అనే కంపెనీ ఉండేది. డబ్బు తెల్లవాళ్లది, మేనేజరు లూథర్ పొలార్డ్ నల్లజాతివాడు. నల్లజాతి నటులతో కామెడీలు తీసింది, ముందు వేరే కంపెనీ తీసినవి కూడా కొని విడుదల చేసింది. నల్లజాతి పత్రిక 'చికాగో డిఫెండర్' 1917లోనే ఈ కామెడీలను ఉతికి ఆరేసింది. పొలార్డ్ మాత్రం కోళ్ల దొంగతనాలు, పుచ్చకాయలు, కత్తులు లేకుండానే నల్లజాతి నటులు నవ్వించగలరని తమ సినిమాలు చూపించాయని 1918లో ఒక ఉత్తరంలో వాదించాడు. అంటే తప్పా ఒప్పా అన్న గొడవ అప్పుడే, వాళ్లలో వాళ్లకే నడిచింది. మీరు చేయాల్సిందల్లా ఆ గొడవలో ఇద్దరి మాటా పాఠకుడికి వినిపించి, సినిమా తెచ్చి పక్కన పెట్టడం. 'మెర్సీ, ద మమ్మీ మంబుల్డ్' (1918) దొరుకుతోంది, చూసి మీరే చెప్పండి.

7. పోయిన సినిమాల గురించి జాగ్రత్త

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 అధ్యయనం ప్రకారం అమెరికన్ మూకీ ఫీచర్ సినిమాల్లో విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. నల్లజాతి దర్శకుడు విలియం ఫాస్టర్ 1910ల మొదట్లో తీసిన 'ద రైల్‌రోడ్ పోర్టర్' అనే పొట్టి కామెడీ కూడా మిగల్లేదు. అందుకే "నల్లజాతివాళ్లు తీసిన కామెడీలు లేవు" అని రాయకూడదు, "మిగల్లేదు" అని రాయాలి.

ఒక్కోసారి పోయిందనుకున్నది బయటపడుతుంది. 1913లో బర్ట్ విలియమ్స్‌తో బయోగ్రాఫ్ ఒక కామెడీ మొదలుపెట్టి ఎడిటింగ్ చేయకుండానే వదిలేసింది. ఆ నెగెటివ్‌లు న్యూయార్క్ మోమా మ్యూజియంలో దశాబ్దాలు పడి ఉండి, 2014లో 'లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే' పేరుతో జనం ముందుకొచ్చాయి. అందులో మసి పూసుకున్నది విలియమ్స్ ఒక్కడే. మిగతావాళ్లు సొంత మొహాలతో, శుభ్రమైన బట్టలతో నాట్యం చేస్తారు, రంగులరాట్నం ఎక్కుతారు. నాయిక ఒడెస్సా వారెన్ గ్రే, విలియమ్స్ ముద్దు కూడా పెట్టుకుంటారు. టేకుల మధ్య నటులు ఊరికే నిలబడ్డ ముక్కలు కూడా మిగిలాయి. కథ ఎటూ పోకపోయినా ఆ ముక్కలు వదలొద్దు.

మన వైపు సంగతి. ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ చిత్రకారుడు హైదరాబాదులో నిజాం ఆర్ట్ కాలేజీలో పనిచేశాడు, 1922లో ఇక్కడే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' లాంటి సినిమాలు తీశాడు. ముస్లిం రాణి, హిందువు ప్రేమ ఉన్న 'రజియా బేగం'ను ఆడించాడని 1924లో నిజాం ఆయన్ని రాజ్యం వదిలి పొమ్మన్నాడు. ఆ సినిమాలు చూడ్డానికి లేవు. 'లేడీ టీచర్' అన్న పేరు చూసి, చదువుకున్న ఆడవాళ్లను వెక్కిరించిందనో మెచ్చుకుందనో రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయొద్దు. మిగిలినది చూడాలంటే 1931 నాటి బెంగాలీ మూకీ 'జమాయ్ బాబు' ఉంది. కాళీపద దాస్ తీసి నటించిన ఈ పొట్టి కామెడీలో పల్లెటూరి అల్లుడు కలకత్తా వచ్చి తికమకపడతాడు. జాతి బదులు ఊరు, తరగతి మీద అవే ఆరు గడులు ఇక్కడా పనిచేస్తాయి. నగరం నవ్వుతోందా, నగరాన్ని చూసి మనం నవ్వుతున్నామా?

8. రాసేటప్పుడు

తెర మీద చూసింది ముందు, మీ అభిప్రాయం తర్వాత. "ఈ సీను జాత్యహంకారంతో నిండి ఉంది" అంటే పాఠకుడు తలూపి పక్క పేజీకి వెళ్తాడు. "తెల్ల కుర్రాడు పడినప్పుడు లేచి దులుపుకుంటాడు, నల్ల కుర్రాడు పడినప్పుడు కెమెరా కట్ అవుతుంది" అంటే ఆగుతాడు. అలాంటి వాక్యం పేజీకి ఒకటైనా ఉండాలి. అలాగే పాత కార్డుల్లోని తిట్టుపదాలను యథాతథంగా దించేయకుండా, ఒకసారి సందర్భం చెప్పి తర్వాత 'ఆ పదం' అంటే సరిపోతుంది. "కాలానికంటే ముందున్న సినిమా" అన్న పొగడ్త కూడా తగ్గించండి. ఆ కాలంలోనే ఉన్న మనుషులు తీశారు దాన్ని.

9. పదిమందికి చూపించేటప్పుడు

గంటంబావు కార్యక్రమం చాలు. 'సమ్‌థింగ్ గుడ్', 'టనల్', 'లాఫింగ్ గ్యాస్' వరసగా మొదలుపెట్టి, బర్ట్ విలియమ్స్ జైలు సీను, ఒక 'అవర్ గ్యాంగ్', ఆఖర్న 'పాస్ ద గ్రేవీ' వేయండి. బ్లాక్‌ఫేస్ ఉన్నదాన్ని అసలు చివర వేయొద్దు, జనం చర్చ ఎగ్గొట్టి నోరు బిగించుకుని లేచిపోతారు. సినిమాకు ముందు రెండు నిమిషాల కంటే మాట్లాడొద్దు. ఏం రాబోతోందో ఒక్క ముక్క హెచ్చరించి, ఏం అనుకోవాలో మాత్రం చెప్పకండి. పోస్టరు మీద మసిమొహం బొమ్మ వేయడం అస్సలు వద్దు. బెర్తా రెగస్టస్ నవ్వు అంతకంటే బాగా పిలుస్తుంది.

చర్చలో ఎవరో ఒకరు మన సినిమాల కామెడీ ట్రాకులు ఎత్తుతారు: నల్లగా ఉన్నవాళ్ల మీద, లావుగా ఉన్నవాళ్ల మీద, ఆడంగి నడక మీద మనం ఎన్నేళ్లు నవ్వామో. ఆ మాట వాళ్ల నోటే రానివ్వండి, మీరు అందించొద్దు. గదిలో వేడి పెరిగితే, ఖాళీ గడుల కాగితాలు అందరికీ పంచి, ఒక సీను మళ్లీ వేయండి, ఈసారి శబ్దం లేకుండా.